వంతెన మీద తలల లెక్క

ఆ ఇంట్లో మేం తొమ్మిదిమంది ఆడపిల్లలం ఉండేవాళ్లం. ఎవరైనా అడిగితే మాత్రం ఆరుగురం అని చెప్పేవాళ్లం.

ఒంటారియోలో ఓ చిన్న నది ఒడ్డున ఉన్న ఊరది. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఇల్లేదో అక్కడివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. నేను చదివిన కాలేజీ ఆ ఊళ్లో లేదు, బస్సులో నలభై నిమిషాలు పోతే వచ్చే పెద్ద ఊళ్లో ఉంది. ఆ సంవత్సరాల్లో ఎక్కడ చూసినా మన స్టూడెంట్లే. కాలేజీ దగ్గర గది దొరకడం సంగతి అటుంచి, గది చూపిస్తాననే మనిషి దొరకడమే గగనంగా ఉండేది. అలాంటప్పుడు వాట్సాప్ గ్రూపులో "అమ్మాయిలకు మాత్రమే, ఓనర్ తెలుగువారు, నది పక్కన ప్రశాంతమైన ఊరు" అన్న మెసేజ్ కనిపించింది. ఇంకేమీ ఆలోచించకుండా సరే అన్నాను.

ఇంటి ఓనర్ మార్కమ్ అనే వేరే ఊళ్లో ఉండేవారు. మేమందరం ఆయన్ని అంకుల్ అనే పిలిచేవాళ్లం. మాది చీరాల అనగానే ఫోన్లోనే సంబరపడిపోయారు. "మాది బాపట్లమ్మా! అయితే నువ్వు మా అమ్మాయివే" అన్నారు. నెలకోసారి ఆదివారం పూట వ్యాన్‌లో వచ్చేవారు. ఆంటీ చేసిన పులిహోర పెద్ద స్టీలు డబ్బాలో, గోంగూర పచ్చడి సీసాల్లో తెచ్చేవారు. ఆయన చెడ్డమనిషి అని ఈ రోజుకీ నేను అనలేను. అందుకే ఈ విషయం రాయడం ఇన్నాళ్లూ కష్టమైంది.

మేం దిగిన రోజే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఎవరన్నా అడిగితే ఆరుగురం అనండి. మిగతా ముగ్గురూ కజిన్స్, చూసిపోదామని వచ్చారు అనండి."

"ఎవరు అడుగుతారు అంకుల్?"

"అడుగుతారమ్మా. ఈ ఊరివాళ్లకి మనం అంటే పడదు. ఎదురుగా నవ్వుతారు, అటు తిరిగి టౌన్ ఆఫీసుకి ఫోన్ చేస్తారు. వాళ్లతో ఎక్కువ మాటలు పెట్టుకోకండి. మీ చదువేదో మీరు చూసుకోండి."

ఆ మాట మా అందరి చెవుల్లో ఉండిపోయింది. ఆ తర్వాత ఆ ఊళ్లో మాకు ఏ పలకరింపూ మామూలు పలకరింపులా వినపడలేదు. కుక్కని తిప్పుకుంటూ పోయే ఆవిడ "గుడ్ మార్నింగ్, కాలేజీకా?" అంటే, ఈవిడకెందుకు మనం ఎక్కడికి పోతే అనుకునేవాళ్లం. సెప్టెంబరులో ఒకరోజు తలుపు తీసేసరికి గుమ్మంలో రెండు జుకినీలు ఉన్నాయి, కీరదోసకాయల్లా పొడుగ్గా, ముదురు పచ్చగా. ఎవరు పెట్టారో చీటీ లేదు. తీసుకుంటే ఎంతమందిమో చూడడానికి లోపలికి వస్తారేమోనని ముట్టుకోలేదు. వారం తర్వాత అవి కుళ్లిపోతే చెత్తడబ్బాలో వేశాం.

మేడ మీద మూడు గదుల్లో ఆరుగురు. బేస్‌మెంట్‌లో ముగ్గురం. మా ముగ్గురిలో ఒకమ్మాయి రెండు చోట్ల పనిచేసేది, నిద్రకి తప్ప ఇంటికి వచ్చేది కాదు. కాబట్టి బేస్‌మెంట్ అంటే నేనూ, నల్గొండ నుంచి వచ్చిన ఇంకో అమ్మాయీ. తను వృద్ధుల్ని చూసుకునే పనికి ట్రైనింగ్ కోర్సు చేసేది. నేను ఎక్కువ మాట్లాడే రకం, తను తక్కువ. నేను వండితే తను తోమేది. తన దుప్పటి పలచనని నేను, నా బూట్లు తడుస్తున్నాయని తను, ఒకరి సంగతి ఒకరం చూసుకునేవాళ్లం. కెనడాలో నాకు మొదటి స్నేహితురాలు తనే.

డిసెంబరులో మా గది గోడవైపు నుంచి చలిగాలి కొట్టడం మొదలైంది. అక్కడ పాత బీరువా ఒకటి ఉండేది. ఇద్దరం కలిసి దాన్ని లాగి చూశాం. వెనక కిటికీ ఉంది. దానికి అడ్డంగా చెక్క కొట్టేసి ఉంది. అంకుల్ వేసవిలో పెరట్లో అరుగులా కట్టించిన చెక్క డెక్ సరిగ్గా ఆ కిటికీ మీదకే వచ్చింది. చెక్క సందుల్లో పాత తువ్వాలు కుక్కి బీరువాని మళ్లీ వెనక్కి నెట్టేశాం.

చేతులు దులుపుకుంటూ తను అడిగింది. "మంటొస్తే ఎట్ల పోతం మనం బయటికి?"

"మెట్లున్నాయి కదే," అని నవ్వాను.

"మెట్ల పక్కనే గదా ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్."

అన్నం కుక్కర్ విజిల్ వేస్తుంటే ఆపడానికి వెళ్లాను.

ఆ ఊరికి ఆధారం ఒకప్పుడు ఉన్ని మిల్లు. నది మీద అడ్డకట్ట కట్టి, ఆ నీటి బలంతో మగ్గాలు తిప్పేవారట. దేశం నలుమూలలకీ అక్కడి కంబళ్లే పోయేవట. మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. రాతి గోడలూ, పొగగొట్టమూ అలాగే ఉన్నాయి. సగం మిల్లు మ్యూజియం అయింది. అద్దకం షెడ్లు ఉన్న చోటంతా చదును చేసి పార్కు పెట్టారు. మేపుల్ చెట్లు, బెంచీలు, నది పక్కనే నడిచే దారి. పెద్ద వాన పడ్డాక ఆ పార్కు ఒడ్డున మట్టిలోంచి ఉన్ని పీలికలు బయటపడేవి. ఎర్రవి, నీలంవి. ఇన్నేళ్లు మట్టిలో ఉన్నా రంగు దిగలేదు. మా నాన్న మగ్గం నేసేవాడు కాబట్టి అలాంటివి నా కంట పడకుండా పోవు. ఒక ఎర్ర పీలిక తీసి వేళ్ల మధ్య పెట్టి పురి విప్పి చూసేదాన్ని. ఎవరైనా చూస్తే ఏదో ఏరుకుంటోంది అని కంప్లైంట్ ఇస్తారేమోనని వెంటనే పారేసేదాన్ని.

ఆ పార్కు దాటి, అడ్డకట్ట పక్కన ఇనప వంతెన మీదుగా అవతలికి పోతేనే బస్టాపు. పొద్దున ఏడింటికి తొమ్మిదిమందిమీ ఆ వంతెన దాటాలి. అందరం ఒక్కసారి పోతే లెక్క తెలిసిపోతుందని మేడ మీద ఉండే కడప అక్క ఒక ఏర్పాటు చేసింది. ముందు నలుగురు. కాసేపాగి ఇద్దరు. తర్వాత ముగ్గురు. మా అందరిలోకీ తనే పెద్దది, తన మాటకి ఎదురులేదు.

వంతెన మీద ఒక పెద్దాయన ఉండేవాడు. డెబ్భై దాటి ఉంటాయి. బూడిదరంగు టోపీ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. చేతిలో చిన్న నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. మంచు పడినా, వాన పడినా పొద్దున ఏడింటికి అక్కడే నిలబడి ఉండేవాడు. మేం దాటుతుంటే తల ఊపేవాడు. దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఏదో రాసుకుంటూ కనిపించేవాడు.

"చూశారా, రాస్తున్నాడు," అనేది కడప అక్క. "ఎవరూ మాట్లాడొద్దు. తలకాయ దించుకుని పోండి."

మార్చి నెలలో నది మీద మంచు పగులుతున్న రోజుల్లో మా తలుపుకి కాగితం అంటించి వెళ్లారు. టౌన్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్. ఇంట్లో పరిమితికి మించి ఉంటున్నారనీ, బేస్‌మెంట్ ఉండడానికి తగినట్టు లేదనీ ఫిర్యాదు వచ్చిందట. రెండు వారాలు టైము ఇచ్చారు.

అంకుల్‌కి ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టాం. "నేను చెప్పానా లేదా?" అన్నారు ఆయన. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినపడింది. "ఎవడో మీ వెనకాలే కనిపెట్టి ఉన్నాడమ్మా. ఎవరో కనుక్కోండి."

కనుక్కోవడానికి ఏముంది, మా అందరి నోళ్లలోనూ ఒకటే మాట. నల్గొండ అమ్మాయి మాత్రం గోడకి ఆనుకుని గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

రెండు రోజుల తర్వాత నాకు పొద్దున క్లాసు లేదు. పదింటికి ఒక్కదాన్నే బయల్దేరాను. ఆ రోజు పెద్దాయనకీ ఆలస్యమైనట్టుంది, అప్పటికీ అక్కడే ఉన్నాడు. నీళ్లలో పాతిన కొలత కర్రకి మంచు పట్టింది. దాన్ని రాల్చడానికి కర్ర పట్టుకుని పక్క మెట్ల మీదుగా కిందకి దిగాడు. నోటు పుస్తకం వంతెన కమ్మీ మీద, చేతి తొడుగు కింద పెట్టి వెళ్లాడు.

నేను దాన్ని తీసి బ్యాగులో వేసుకుని నడిచిపోయాను. దొంగతనం అన్న మాట ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. ఆధారం దొరికింది అనుకున్నాను.

బస్సులో వెనక సీట్లో కూర్చుని తెరిచాను. ఒక్కో రోజుకి ఒక్కో వరస. మొదట అడుగుల్లో ఏదో కొలత. పక్కన రెండు మాటలు: "మంచు పలచన", "నీళ్లు తేట", "కొంగ తిరిగొచ్చింది". అన్నిటికీ చివర ఒక అంకె. 9. 9. 9. ఒకచోట 8. కడప అక్క జ్వరం వచ్చి మాతో రాని రోజు అది. మొదట్లో కొన్ని చోట్ల ఇంకా వివరంగా ఉంది: 4, 2, 3. మేం ఆడిన నాటకం అంతా ఆయనకి మొదటి వారంలోనే అర్థమైపోయింది. ఇదంతా మా భ్రమ అని లోపల ఎక్కడో అనిపిస్తూ ఉండేది. కాదు. నిజంగానే ఒక మనిషి ఐదారు నెలలుగా రోజూ మమ్మల్ని లెక్కపెట్టి రాసుకుంటున్నాడు.

సాయంత్రం అందరికీ చూపించాను. ఇల్లంతా గోలగోల అయింది. అంకుల్‌కి ఫొటోలు పంపిస్తే, "మంచి పని చేశావమ్మా, జాగ్రత్తగా దాచు," అన్నారు. నాకు గర్వంగా అనిపించింది కూడా.

కిందకి వచ్చాక నల్గొండ అమ్మాయి అంది. "పుస్తకం తిరిగిచ్చెయ్."

"ఎందుకు? కంప్లైంట్ ఇచ్చింది వాడే కదా."

"నీకెట్ల తెలుసు? ఆయన పుస్తకం ఆయనకిచ్చెయ్. నీది కాదది."

తను ఆయన్ని ఎందుకు వెనకేసుకొస్తోందో నాకు అర్థం కాలేదు. మొదటిసారి తన మీద నాకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా తేడా అని ఆలోచించే లోపే అటు తిరిగి పడుకుంది.

ఇన్‌స్పెక్షన్ రోజు అంకుల్ పొద్దున్నే వచ్చారు. పరుపులు చుట్టించారు. బేస్‌మెంట్ నిండా అట్టపెట్టెలు పేర్పించారు. "ఇక్కడ ఎవరూ పడుకోరు, ఇది స్టోరేజ్," అని మాకు మాట నేర్పించారు. ముగ్గురిని లైబ్రరీకి పంపేశారు. ఇంగ్లీషు బాగా మాట్లాడతానని నన్ను ఉండమన్నారు. నల్గొండ అమ్మాయి ఎంత చెప్పినా వెళ్లలేదు, కడుపునొప్పి అంది.

వచ్చింది ఒక నడివయసు ఆవిడ. టార్చిలైటు, కొలత టేపు, క్లిప్‌బోర్డు. మర్యాదగా షూస్ విప్పి లోపలికి వచ్చింది. మేడ మీద గదులు చూసింది. కిందకి దిగి పైకప్పు ఎత్తు కొలిచింది. ఫర్నేస్ చూసింది. తర్వాత అట్టపెట్టెలు దాటుకుంటూ తిన్నగా బీరువా దగ్గరికి వెళ్లి ఆగింది.

"దీన్ని కాస్త జరపగలరా?"

"చాలా బరువు. పాత సామాను," అన్నారు అంకుల్.

ఆవిడ తనే భుజం పెట్టి నెట్టింది. కిటికీ, దానికి కొట్టిన చెక్క, సందులో మేం కుక్కిన తువ్వాలు, అన్నీ బయటపడ్డాయి. చెక్క మీద వేళ్లతో తట్టి చూసి ఫొటో తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇక్కడ ఎంతమంది పడుకుంటారు?"

అంకుల్ నా వైపు చూస్తున్నారు. "ఎవరూ పడుకోరు," అన్నాను.

ఆవిడ గోడ వారగా టార్చి వేసింది. మూడు చోట్ల మూడు ఫోన్ చార్జర్లు నేలకి ఆనుకుని వేలాడుతున్నాయి. పరుపులన్నీ చుట్టాం గానీ అవి తీయడం ఎవరికీ గుర్తురాలేదు. ఆవిడ వాటిని కూడా రాసుకుంది, అంతే.

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. కానీ ఆ సిగ్గుని మించి ఇంకో విషయం బుర్రలో తిరుగుతోంది. ఆ బీరువా వెనక కిటికీకి చెక్క కొట్టి ఉందని ఆవిడకి ఎవరు చెప్పారు? బయట నుంచి చూస్తే డెక్ తప్ప ఏమీ కనపడదు. మాతో పడుకునే మూడో అమ్మాయికి కూడా తెలియదు. అంకుల్ కాక తెలిసింది దాన్ని లాగిన ఇద్దరికే. ఆ ఇద్దరిలో నేను ఎవరికీ చెప్పలేదు.

తల తిప్పి చూశాను. నల్గొండ అమ్మాయి మెట్ల మీద నిలబడి ఉంది. నేను చూస్తున్నానని తెలిసి కళ్లు దించుకుంది.

బేస్‌మెంట్ వారంలో ఖాళీ చేయాలని ఆర్డర్ వచ్చింది.

మర్నాడు పుస్తకం తీసుకుని వంతెన దగ్గరికి వెళ్లాను. పెద్దాయన లేడు. పార్కులో ఆకులు ఊడ్చే మనిషిని అడిగితే, శనివారాలు మిల్లు మ్యూజియంలో ఉంటాడు అన్నాడు. అన్ని నెలలుగా ఆ గోడల పక్కనే నడిచాను గానీ లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు.

లోపల కొట్టొచ్చినట్టు కనపడింది ఒక ఫొటో. మేం ఉంటున్న వీధే. అవే ఇటుక ఇళ్లు. మా ఇంటి గుమ్మంలోనే మిల్లు ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. సముద్రం దాటి వచ్చిన అమ్మాయిలు, ఒక్కో గదిలో ఆరుగురు ఉండేవారు, ఈ ఊరిని నిలబెట్టింది వీళ్లే అని కింద రాసి ఉంది. చాలాసేపు ఆ ఫొటో ముందు నిలబడ్డాను. వాళ్లు ఆరుగురు ఉంటే గోడకి పటం కట్టారు, మేం ముగ్గురం ఉంటే తలుపుకి కాగితం అంటించారు అనుకున్నాను. అక్కసుగానే అనుకున్నాను.

పెద్దాయన మగ్గాల పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకం చేతికిచ్చాను. ఎక్కడ దొరికింది అని అడుగుతాడేమో, దారిలో దొరికిందని చెబుదాం అనుకున్నాను. ఆయన అడగలేదు.

"నువ్వు తీసుకోవడం కింద నుంచి చూశాను," అన్నాడు. ఆయన ఇంగ్లీషులో అన్నవి నా మాటల్లో చెబుతున్నాను. "పరిగెత్తలేను. తెస్తావనుకున్నాను."

ఉండబట్టలేక అడిగేశాను. "మమ్మల్ని ఎందుకు లెక్కపెడుతున్నారు?"

ఆయన లేచి గేటు పక్క గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ మేకుల వరసలు, మేకులకి నంబర్లు వేసిన ఇత్తడి బిళ్లలు. పనిలోకి వచ్చే ప్రతి మనిషీ బిళ్ల తీసుకుని లోపలికి పోవాలి, బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ తగిలించాలి. మిల్లు మూతపడేనాటికి ఆ గేటు దగ్గర వాచ్‌మన్ ఆయనే. సాయంత్రం ఒక మేకు ఖాళీగా ఉంటే లోపల ఎవరో ఉండిపోయారని అర్థం. వెతక్కుండా తాళం వేయకూడదు.

"ఆ వంతెన చలికాలం జారుతుంది. కింద లోతు ఎక్కువ. పొద్దున తొమ్మిదిమంది పోతారు. సాయంత్రం కూడా అక్కడే తిరుగుతుంటాను. ఎంతమంది వచ్చారో చూసుకుంటాను. అలవాటు."

"కంప్లైంట్ మీరే ఇచ్చారా?"

"చెత్తడబ్బాల గురించి ఒకసారి ఇచ్చాను. పేరు రాసే ఇచ్చాను. దీని గురించి ఇవ్వలేదు. డెక్ కడుతున్నప్పుడే మీ ఇంటి ఓనరుకి చెప్పాను, కిటికీ మూసుకుపోతుందని. చూస్తానన్నాడు."

ఆయన చెప్పింది అబద్ధం అనుకోను. అయినా మనసు కుదుటపడలేదు. మా మంచికే కావచ్చు, కానీ ఒక ముక్కూ మొహం తెలియని మనిషి మమ్మల్ని రోజూ లెక్కపెడుతున్నాడంటే ఒంటికి ఎలా ఉంటుందో ఆయనకి చెప్పాలనిపించింది. చెప్పాను. "మీరు ఒక్కసారి మాతో మాట్లాడి ఉంటే బాగుండేది."

"మాట్లాడాను," అన్నాడాయన. "రోజూ గుడ్ మార్నింగ్ చెప్పాను. ఒక్కరూ తలెత్తలేదు."

వస్తుంటే ఆయన గుట్ట మీద ఒక రిటైర్డ్ నర్సు ఇంట్లో మేడ గది ఖాళీగా ఉందని చెప్పాడు. ఈయనకెందుకు ఇంత ఆసక్తి అని అప్పుడు కూడా ఒక అనుమానం తొలిచింది. అడ్రసు మాత్రం రాసుకున్నాను.

ఇంటికి పోకుండా పార్కులో నది దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. నల్గొండ అమ్మాయికి మెసేజ్ పెడితే అక్కడికే వచ్చింది. పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడింది.

"నువ్వేనా?" అన్నాను.

"ఏంది?"

"కంప్లైంట్."

నీళ్లవైపు చూసింది. "అవును. నేనే. ఆన్‌లైన్ల ఫారం ఉంటది. పేరు రాసేది లేదు."

"నాకొక్క మాట చెప్పచ్చు కదే."

"అడిగిన గదా నిన్ను, మంటొస్తే ఎట్ల అని. నవ్వినవ్. నేను ట్రైనింగ్‌కి పోయే కాడ ముసలోళ్లని బయటికి తీసుకపోయే డ్రిల్ చేపిస్తరు నెలకోసారి. నడవలేనోళ్లకి కూడా రెండు దార్లుంటయ్. ఇంటికొచ్చి పండుకుంటే నాకు ఆ బీరువానే కనపడేది. నిద్ర పట్టకపోయేది."

"అది సరే. కంప్లైంట్ ఇస్తున్నానని చెప్పచ్చు కదా అంటున్నా."

"చెప్తే నువ్వు అంకుల్‌కి చెప్తవనుకున్న."

మొహం మీద కొట్టినట్టయింది. "నేనా? నేనెందుకు చెప్తాను?"

"ఆయన నిన్ను మా అమ్మాయి అంటడు. పచ్చడి నీకు వేరే సీసాల తెస్తడు. ఆంటీ వాళ్లు మార్కమ్‌ల తెలిసినోళ్ల కంపెనీల నీకు జాబ్‌కి రెఫర్ చేస్తమన్నరు. మొన్న ఆమె అడిగితే ఎవరూ పండుకోరన్నవ్. ఎట్ల నమ్మాలె నిన్ను?"

తను గట్టిగా మాట్లాడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ ఊళ్లో కుక్కని తిప్పే ఆవిడని అనుమానించాను, జుకినీలు పెట్టినవాళ్లని అనుమానించాను, ఒక ముసలాయన పుస్తకం ఎత్తుకొచ్చాను. నా పక్క పరుపు మీద పడుకునే మనిషి నన్ను అనుమానిస్తోందని మాత్రం నాకు తట్టలేదు. అంతకన్నా నన్ను గుచ్చింది ఇంకొకటి. తను నిజంగా డిసెంబరులోనే నాకు చెప్పి ఉంటే, నేను అంకుల్‌కి చెప్పేదాన్ని కాదు అని నాకు నేనే ఖాయంగా చెప్పుకోలేకపోయాను. మంచి మాటతోనే చెప్పేదాన్నేమో. "అంకుల్, పాపం తను భయపడుతోంది, ఆ కిటికీ సంగతి చూడండి" అనేదాన్నేమో. ఆ తర్వాత తనని ఆ ఇంట్లో ఎన్నాళ్లు ఉంచేవారు?

"గుట్ట మీద ఒక గది ఉందట. చూద్దాం వస్తావా?" అన్నాను చివరికి.

"ఎవరు చెప్పిన్రు?"

"ఆ పుస్తకం ఆయన."

"సరే, పోదాం," అంది.

ఆ నర్సు గది చూపించే ముందు మా ఇద్దరి ఐడీ కార్డులూ, కాలేజీ కాగితాలూ అడిగి, కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివింది. నల్గొండ అమ్మాయి కిటికీ తెరిచి మూసి, మళ్లీ తెరిచి, తల బయట పెట్టి చూసింది. ఎవరూ ఎవర్నీ నమ్మకుండానే బేరం కుదిరింది.

సామాను తరలించడానికి అంకుల్ తన వ్యాన్ తెచ్చారు. మేం అడగలేదు, ఆయనే వచ్చారు. పులిహోర కూడా తెచ్చారు. పరుపులూ, కుర్చీలూ తనే మోశారు. నేను ముందు సీట్లో, నల్గొండ అమ్మాయి వెనక సీట్లో గిన్నెల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. మూడో అమ్మాయి అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయింది.

వంతెన పక్క రోడ్డు దాటాక అంకుల్ అన్నారు. "ఆ ముసలాయన కాదటమ్మా. టౌన్ ఆఫీసులో తెలిసినాయన ఒకాయన ఉన్నాడు, ఇంట్లోంచే ఎవరో ఇచ్చినట్టుంది అన్నాడు."

నేను రోడ్డు వైపే చూస్తున్నాను.

"నేను మీకు ఏం తక్కువ చేశానమ్మా? సొంత పిల్లల్లా చూసుకున్నాను. ఎవరు చేశారో నీకు తెలుసు కదూ?"

వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తను బుట్టని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నట్టుంది. ఆయన మాటల్లో నిజమూ ఉంది. జ్వరం వచ్చిన కడప అక్కని ఆ రోజు మార్కమ్ నుంచి వచ్చి మరీ హాస్పిటల్‌కి తీసుకెళ్లింది ఆయనే. డెక్ గురించి ముసలాయన చెబితే చూస్తానని చూడనిదీ ఆయనే.

"నాకు తెలియదు అంకుల్," అన్నాను.

"నువ్వేనా?"

"తెలియదు అంకుల్."

ఆయన ఇంకేమీ అడగలేదు. నేనే అని ఆయన నిర్ణయించుకున్నారని ఆ మౌనంలోనే తెలిసింది. సామాను దింపాక, పులిహోర డబ్బా మాత్రం నల్గొండ అమ్మాయి చేతికిచ్చి వెళ్లారు. మార్కమ్ ఉద్యోగం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేను ఫోన్ చేస్తే ఆంటీ రెండు ముక్కల్లో మాట్లాడి పెట్టేసేవారు.

గుట్ట మీద గదిలో మేమిద్దరం మరో ఏడాది ఉన్నాం. పొద్దున వంతెన దగ్గర పెద్దాయన కనిపిస్తే గుడ్ మార్నింగ్ చెప్పేదాన్ని. ఆయన తిరిగి చెప్పేవాడు. మా మధ్య అంతకుమించి స్నేహమేమీ పెరగలేదు. నేను దాటాక రాసుకుంటున్నాడా లేదా అని వెనక్కి తిరిగి చూడడం మాత్రం మానలేకపోయాను.

ఇప్పుడు నేను కనాటా అనే ఊళ్లో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. తను విండ్సర్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేసుకుంటాం. ఆ కిటికీ గురించీ, బెంచీ దగ్గర అనుకున్న మాటల గురించీ చాలాకాలం ఇద్దరం ఎత్తలేదు. కిందటి నెల తనే కదిలించింది.

"ఆ రోజు వ్యాన్‌ల నువ్వు నా పేరు చెప్తవనే అనుకున్న," అంది.

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాను.